ఏబది గజముల దూరము

ఐదేండ్ల బాలుడొకడు గాడిదపై వెనుదిరిగి కూర్చుండి, దానిచే దడి దాటింప యత్నించుచుండెను. దాటించినచో ఆరు పెన్నీలిత్తునని అన్న పందెము కాచెను. బాలుడు పలుమారులు క్రిందబడెను. తుదకు పందెము గెలిచెను. తాను వృత్తి రౌతునైనది ఆనాడేయని అతడు పెద్దవాడైన పిదప చమత్కరించెడివాడు. అతడే డిక్ ఫ్రాన్సిస్. 1920వ సంవత్సరమున వేల్సు దేశమున జన్మించెను. తండ్రియు గుఱ్ఱములతో బ్రతికినవాడే.

గుఱ్ఱపు పందెములు రెండు విధములు. చదును నేలపై పరుగు మొదటిది; దానికి మిక్కిలి తేలికయైన రౌతులు కావలెను. దడులను, కందకములను దుమికించుచు సాగునది రెండవది. ఫ్రాన్సిస్ మొదటిదానినే కోరెను గాని, అతని శరీరము ఆ కోరికను మన్నింపక పొడవుగా పెరిగెను. కావున రెండవ త్రోవ పట్టెను. యుద్ధకాలమున విమానములు నడపి, 1948లో ఈ వృత్తిని చేపట్టెను.

ఈ వృత్తిలో పడుట వింత కాదు, పడకుండుటయే వింత. అర టన్ను బరువుగల జంతువు గంటకు ముప్పది మైళ్ల వేగమున పోవుచు బోర్లపడినచో, దానిపైనున్నవాని గతి యేమగునో ఊహింపుడు. ఫ్రాన్సిస్‌కు ముక్కు, ప్రక్కటెముకలు, మెడక్రింది యెముకలు ఎన్నిమారులో విరిగినవి. భుజము కీలు తప్పుట అలవాటై, పట్టీ బిగించుకొని స్వారి చేసెడివాడు. అయినను మూడువందల యేబదికి పైగా పందెములు గెలిచి, 1953–54లో బ్రిటనున అగ్రశ్రేణి రౌతుగా నిలిచెను. గ్రాండ్ నేషనల్ అతనికి దక్కలేదు.

లివర్‌పూలు చెంత ఎయిన్‌ట్రీలో జరుగు ఆ పందెమున నాలుగు మైళ్లకు మించిన దూరము పరుగెత్తి ముప్పది దడులు దాటవలెను. 1949లో అతడు అందు రెండవవాడుగా వచ్చెను. 1956 మార్చి 24న రాజమాత ఎలిజబెత్తు గుఱ్ఱమగు డెవన్ లాక్‌ను ఎక్కెను. ఆమెయు, ఆమె కుమార్తెయైన రాణియు చూచుచుండిరి. గుఱ్ఱము ఒక్కొక్క దడిని అవలీలగా దాటెను. కడపటి దడియు దాటినది. ఇక మిగిలినది చదును నేలయే. ప్రజల హర్షధ్వానము మిన్నుముట్టెను. గెలుపు గుర్తునకు ఏబది గజములున్నదనగా, అడ్డమేదియు లేనిచోట, డెవన్ లాక్ ముందుకాళ్లు చాచి పొట్టపై కూలబడెను! వెనుకనున్న ఇ.ఎస్.బి. యను గుఱ్ఱము దానిని దాటిపోయి గెలిచెను.

డెవన్ లాక్ లేచి నిలువబడెను. దాని కాళ్లకు దెబ్బయైనను లేదు. ఫ్రాన్సిస్ దిగి, కొరడా విసరివైచి, నడిచిపోయెను. పందెములన్న ఇట్లే యుండునని రాజమాత పలికెనట. ఆ మాటలో ఓదార్పున్నదో నిట్టూర్పున్నదో చెప్పలేము.

మరుసటి యేడు అతడు స్వారి మానుకొనెను. అప్పటికి వయస్సు ముప్పదియారు. చదువు పదునైదవ యేటనే ముగిసినది. ఆ సంవత్సరమే తన చరిత్ర వ్రాసి ప్రకటించెను. పిదప పదునారేండ్లు ఒక వార్తాపత్రికకు పందెముల విలేఖరియై యుండెను. 1962లో మొదటి నవల వెలువడినది. ఆపైన నలుబదికి పైగా నవలలు వచ్చెను. వాని కూర్పులో భార్య మేరీ సాయము మిక్కిలి కలదు. ఒక కథ కొఱకు ఆమె విమానము నడపుట సైతము నేర్చెను.

ఆ మొదటి నవల ఒక పందెముతో మొదలగును. మేలైన గుఱ్ఱమొకటి దడికడ బోర్లపడును. కథానాయకుడు వెదకి, దడికి అడ్డముగ ఎవరో తీగ కట్టిరని కనుగొనును.

డెవన్ లాక్ విషయమున అట్టి తీగ దొరకలేదు. కండరములు బిగిసెనని కొందఱు, లేని దడిని ఉన్నదని తలచి దుమికెనని కొందఱు చెప్పిరి. ఆ హర్షధ్వానమే గుఱ్ఱమును బెదరించినదని ఫ్రాన్సిస్ నమ్మెను. అతడు 2010లో మరణించెను. గుఱ్ఱము ఏల పడెనో నేటికిని నిశ్చయముగా తెలియదు.