ఆడవాళ్ళ టైము ఎప్పుడు?

కార్తీక పున్నమి నాడు చీకటితోనే మైపాడు పోయి, మూడు మునకలేసి ఒడ్డుకొచ్చాం. చీరలు ఒంటికి అతుక్కుపోయినాయి, కుచ్చిళ్ళ నిండా ఇసుక. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మా చెల్లెలు కొంగు పిండుకుంటూ అడిగింది. "అక్కా, హెల్సింకీలో యాడ దిగితే బాగుంటుంది? నువ్వు పోయొచ్చినదానివి కదా, చెప్పరాదా."

నవ్వొచ్చింది నాకు. "ముందు ఆ గదిలో కొళాయికి మంచినీళ్ళు వస్తుండాయో లేదో చూసి రామే. తర్వాత పోదాం హెల్సింకీకి."

సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్ళం. మాకు బస అంటే మొదటి ప్రశ్న అదే. మైపాడులో అయినా, కోడూరులో అయినా, రామతీర్థంలో అయినా గది చూసేటప్పుడు మంచం ఎట్లుంది, టీవీ ఉందా అని ఎవరూ అడగరు. ఉప్పు కడుక్కోడానికి మంచినీళ్ళుండాయా, కరెంటు పోతే మోటారు సంగతేంది, చీర మార్చుకునే చోట తలుపుకి గడియ పడుతుందా. ఈ మూడూ కుదిరితే అది మంచి బస. ఇంత తెలిసినదాన్ని, అంత దూరం పోయేటప్పుడు మాత్రం ఫోటోలు చూసి బోల్తా పడ్డాను. మా చెల్లెలికి చెప్పిందే మీకూ చెప్తాను, వినండి.

మా అమ్మాయి చదివింది ఎస్పోలో, ఆల్టో యూనివర్సిటీలో. హైదరాబాదుకి సికింద్రాబాదు ఎట్లాగో హెల్సింకీకి ఎస్పో అట్లా. నోకియా కంపెనీ పెద్దాఫీసు కూడా అక్కడే, అందుకని మెట్రోలో తెలుగు మాట వినబడితే ఉలిక్కిపడనక్కర్లేదు. ఇప్పుడు మా చెల్లెలి కొడుక్కీ అక్కడే సీటొచ్చింది. చదువుకునే పిల్లల గది ఎంతుంటుంది! మంచం, బల్ల, నలుగురికీ కలిపి ఒక వంటగది. అమ్మానాన్నా పోయి అందులో కాళ్ళు చాపుకోడానికి లేదు. పైగా వీసా అడిగేటప్పుడే ఎక్కడ దిగుతారో కాగితం చూపించాలి. కాబట్టి హోటలు వెతకడం టికెట్టు కన్నా ముందు పని. ఆ కాగితం కోసం చేసే బుకింగు, వద్దనుకుంటే డబ్బు వెనక్కిచ్చేదై ఉండాలి. వీసా రాకముందే డబ్బు కట్టేసి, తర్వాత తేదీలు మారి గిలగిలలాడిన వాళ్ళని చూశాను.

మా ఆయన లాప్‌టాప్ ముందేసుకుని వారం రోజులు ఫోటోలు చూశారు. ఆ ఊరికి డిజైన్ అంటే మహా పేరు. 2012లో ప్రపంచ డిజైన్ రాజధాని అన్నారు, 2014లో యునెస్కో వాళ్ళు డిజైన్ నగరాల్లో చేర్చారు. అంచేత ఏ హోటలు తెరిచినా డిజైనే. తెల్లటి గోడ, లేత రంగు చెక్క, దీపం ఒకటి వంకరగా. 1887 నాటి క్యాంప్ హోటలు ఉంది, రాజుల కాలం దర్జా. 1931లో కట్టిన టోర్ని ఉంది, పైకెక్కితే ఊరంతా కనబడుతుంది. కాతాయనొక్కా అనే పేటలో ఒక పాత జైలుంది. 1837 నాటి గోడలు, 2002 దాకా ఖైదీలున్నారు, 2007 నుంచి హోటలు. గదులు బాగుంటాయి అంటే మా ఆయన, "డబ్బులిచ్చి జైల్లో పడుకోవాలంటే మనకి చెముడుగుంట జైలు దగ్గర్లేదా" అన్నారు. అంతటితో ఆ ముచ్చట ముగిసింది.

చివరికి అన్నిటికన్నా అందంగా కనబడ్డ దాన్ని తీసుకున్నాం. దాని పేరెందుకు గానీ, మేం పోయింది జూన్‌లో.

జూన్‌లో ఆ ఊళ్ళో సూర్యుడు రాత్రి పదిన్నర దాటినా ఆకాశంలోనే ఉంటాడు. తెల్లవారుజామున 4 కాకముందే మళ్ళీ లేస్తాడు. మధ్యలో కూడా చీకటి చీకటిలా ఉండదు, మన సందె వేళ లాగా మసకగా ఉంటుంది. మా గదికి వేసింది పల్చటి తెల్ల పరదా. ఫోటోలో ఎంత ముద్దుగా ఉండిందో! రెండు రాత్రులు నా కొంగు మొహం మీద కప్పుకుని పడుకున్నా. ఏసీ లేదు, కిటికీ జానెడే తెరుచుకుంటుంది. రోహిణి కార్తె ఎండకి భయపడి పారిపోయి వచ్చినదాన్ని, ఫిన్లాండులో ఉక్కపోతకి విసనకర్ర వెతుక్కున్నా. చలికాలం పోతే ఇది తిరగబడుతుంది. డిసెంబరులో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. అప్పుడు గదిలో వెలుతురెట్లా అని అడగాలి. కాలాన్నిబట్టి ప్రశ్న మారుతుంది, ఫోటో మాత్రం మారదు.

అసలు దెబ్బ సౌనా దగ్గర, అంటే వాళ్ళ ఆవిరి స్నానపు గది దగ్గర తగిలింది. సౌనా అనాలి, సోనా కాదు. మన తెలుగులో రాసినట్టే పలుకుతారు వాళ్ళు. 55 లక్షల పైచిలుకు మంది ఉండే దేశంలో సౌనాలు 30 లక్షల దాకా ఉంటాయట. 2020లో యునెస్కో వారసత్వ జాబితాకీ ఎక్కింది. మా హోటలు వివరాల్లో "సౌనా ఉంది" అని రాశారు. నిజమే, ఉంది. పై అంతస్తులో. దాన్ని గంటల లెక్కన పార్టీలకి అద్దెకిస్తారు, దిగినవాళ్ళకి మామూలుగా తెరవరు. మా అమ్మాయి మొహం చిన్నబోయింది. నిజం చెప్తా, నా గుండె మాత్రం కుదుటపడింది. ఎందుకో మీకు తెలుసు కదా. అందులో గుడ్డలేసుకోరట!

మూడో రోజు మా అమ్మాయి మా సామాను ఎత్తించి రైల్వే స్టేషనుకి నడిచిపోయే దూరంలో ఒక పాతకాలం హోటలుకి మార్చింది. స్టేషనే చూడదగ్గ కట్టడం. ఎలియెల్ సారినెన్ అనే ఆయన గీసింది, 1919లో తెరిచారు. ముఖద్వారం దగ్గర నలుగురు రాతి మనుషులు చేతుల్లో దీపపు గోళాలు పట్టుకుని నిలబడుంటారు. విమానాశ్రయం నుంచి అరగంటలో రైలు అక్కడికే తెస్తుంది. రాళ్ళు పరిచిన వీధుల్లో రెండు సూట్‌కేసులు, ఒక ఆవకాయ డబ్బా లాక్కుంటూ పోయినవాళ్ళకే తెలుస్తుంది స్టేషను దగ్గర బస విలువ.

ఆ హోటల్లో గది చిన్నది. గోడ మీద బొమ్మ కూడా లేదు. కానీ పరదా దట్టం, దిండ్లు మెత్తన. భార్యాభర్తలకి ఒకే మంచం మీద రెండు వేరువేరు దుప్పట్లు. ముప్పై ఏళ్ళ కాపురంలో దుప్పటి లాక్కోకుండా నిద్రపోయింది నేనక్కడే. ఇంకోమాట, చెవిలో చెప్పాల్సింది. టాయిలెట్టు పక్కన చేతి షవరు ఉంది! ఆ దేశంలో ఇళ్ళల్లో అది మామూలేనట. ఐరోపా అంతా మగ్గు కోసం బిక్కమొహం వేసే మన ఆడవాళ్ళకి అది చూస్తే పుట్టింటికి చేరినట్టుంటుంది.

మెట్ల కింద సౌనా. ఆడవాళ్ళది వేరు, మగవాళ్ళది వేరు, టైము తలుపు మీద రాసిపెట్టి ఉంది. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

"చీర కాదమ్మా, తువ్వాలు చుట్టుకుని కూర్చో. ఎవరూ ఏమనరు."

"ఒంటిమీద నగలో?"

అదీ అడగాల్సిన ప్రశ్న. లోపల వేడి 80 డిగ్రీలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. గాజులు, కమ్మలు, మెట్టెలు అన్నీ కాలతాయి. అవి తీసి డబ్బాలో పెట్టా. తాళి తీయలేను కదా! సూత్రాలు తడి గుడ్డలో చుట్టి, తువ్వాలు మీద వేసుకున్నా. మా అమ్మాయి నవ్వింది గానీ అది పనిచేసింది. మీరూ అట్లాగే చేయండి.

మెట్లమెట్లుగా చెక్క బల్లలు. పై మెట్టు వేడి, కింది మెట్టు నయం. కింద కూర్చున్నా. ఎదురుగా రాళ్ళు పేర్చిన పొయ్యి. ఒక ముసలామె చెక్క బకెట్లోంచి చెక్క గరిటెతో నీళ్ళు తీసి రాళ్ళ మీద పోసింది. బుస్సుమని ఆవిరి లేచి వీపు మీదుగా పాకింది. ఆ ఆవిరికి వాళ్ళ భాషలో లోయ్‌లు అని పేరు, పాతకాలంలో ఆ మాటకి ప్రాణం, ఊపిరి అనే అర్థముండేదట. గరిటె చూస్తే నాకు ఉదయగిరి చెక్క చెంచాలు గుర్తొచ్చినాయి. మన ఉదయగిరి వాళ్ళు నర్ది కర్రని అంత నున్నగా చెక్కుతారు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అరడజను చెంచాలు మా అమ్మాయి స్నేహితులకి తీసుకుపోయా. వాళ్ళు వాటిని తిప్పి తిప్పి చూసిన తీరు చూడాల్సింది. డిజైన్ అంటే అక్కడా అదే. ఆల్వర్ ఆల్టో 1933లో గీసిన మూడు కాళ్ళ పీట ఇప్పటికీ అమ్ముతున్నారు. మా అమ్మమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని వంకాయలు తరిగేది, ఆమెని ఎవరూ డిజైనర్ అనలేదు.

పది నిమిషాలకే ఒళ్ళంతా నీళ్ళు కారినాయి. సిగ్గు ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఎవరి ఒంటి వంకా ఎవరూ చూడలేదు. కాన్పుల చారలు, ఆపరేషన్ల గీతలు, వేలాడే పొట్టలు, అన్నీ పక్కపక్కనే ఉండాయి. మా అమ్మాయి మెల్లిగా చెప్పింది, ఒకప్పుడు ఆ దేశపు పల్లెల్లో ఆడవాళ్ళు పురుడు పోసుకున్నది సౌనాలోనేనట. వెచ్చగా ఉంటుంది, కాచిన నీళ్ళుంటాయి, ఇంట్లో అన్నిటికన్నా శుభ్రమైన చోటు. పోయినవాళ్ళకి చివరి స్నానం చేయించిందీ అక్కడేనట. నాకు మా ఇంట్లో పురిటి గది కళ్ళముందు కదిలింది. కుంపట్లో సాంబ్రాణి, కాగులో సలసలా మరిగే నీళ్ళు, మంత్రసాని నా వీపు మీద కుమ్మరిస్తుంటే చేతులు కట్టుకుని కూర్చున్న నేను. ఆ రోజు కూడా సిగ్గుపడలేదు.

బీపీ ఉన్నవాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా పోవద్దు. పోయినవాళ్ళు నీళ్ళు బాగా తాగాలి, తల తిరిగినట్టుంటే లేచి బయటికి రావాలి. పట్టుదలకి పోయే చోటు కాదది.

హోటల్లో సౌనా కుదరకపోయినా ఊళ్ళో లోటు లేదు. కల్లియో పేటలో 1928 నాటి కోతిహర్యు సౌనా ఉంది, కట్టెల పొయ్యి, ఆడా మగా వేరు. రేవు దగ్గర 2016లో తెరిచిన అల్లాస్‌లో సౌనాతో పాటు సముద్రపు నీళ్ళ కొలను. అదే ఏడు తెరిచిన లోయ్‌లు అనే చోట ఆడా మగా కలిసే కూర్చుంటారు గానీ ఈత గుడ్డలు వేసుకోవాల్సిందే. సిగ్గున్న వాళ్ళకి అదే నయమంటారు కొందరు. నా మటుకు నాకు ఆడవాళ్ళ మధ్య తువ్వాలే నయం.

రేవులో మెట్లు దిగి నేనూ కాళ్ళు తడుపుకున్నా. అలవాటుగా దోసిట్లో నీళ్ళు తీసి తలమీద చల్లుకుంటే పెదాల మీద పడినాయి. ఉప్పే లేదు! పేరుకి బాల్టిక్ సముద్రం, మన సముద్రంలో ఉండే ఉప్పులో ఆరో వంతు కూడా ఉండదు అక్కడ. ఇసకపల్లి ఉప్పుమడుల పక్క పెరిగినదాన్ని, నాకది సముద్రమని నమ్మకం కుదరలేదు. స్నానం చేసొచ్చినా ఉప్పు కడుక్కునే బాధ లేదు, అదొకటి.

తిండి సంగతి తొందరగా చెప్పేస్తా. చాలా హోటళ్ళలో పొద్దుటి ఫలహారం గది అద్దెలోనే కలిసుంటుంది, అడిగి తీసుకోండి. రై పిండి రొట్టె మీకు సయించకపోవచ్చు. కరేలియా పై అని ఒకటుంటుంది, పల్చటి రొట్టె మధ్యలో అన్నం జావ పెట్టి కాలుస్తారు. మన మొలగొలుకుల బియ్యం రుచి రాదు గానీ కడుపులో అన్నం పడ్డట్టు ఉంటుంది. వారం దాటి ఉండేటట్టయితే వంటగది ఉన్న గది తీసుకోండి. ఎండుమిరపకాయల తాళింపు మాత్రం జాగ్రత్త, పొగ అలారం మోగి హోటలంతా కిందికి దిగుద్ది. జూన్ మూడో వారం చివర్లోనో, నాలుగో వారంలోనో యుహాన్నుస్ పండగొస్తుంది. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయినట్టు ఊరు ఊరంతా పల్లెలకి పోతుంది, కొన్ని అంగళ్ళు మూసేస్తారు. ఆ రెండు రోజులకి పాలు, పెరుగు ముందే తెచ్చి పెట్టుకోండి.

ఇదంతా చెప్పేసరికి మైపాడులో తెల్లారిపోయింది. కొళాయికి మంచినీళ్ళే వస్తుండాయి. మా చెల్లెలు చీర మార్చుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఫోన్లో ఏదో హోటలు తెరిచి ఉంది. తెల్లటి గోడ, వంకర దీపం.

"బాగుంది కదా అక్కా?"

"పరదా ఎట్లుందో అడుగు. సౌనా దిగినవాళ్ళకి రోజూ తెరుస్తారా, ఆడవాళ్ళ టైము ఎప్పుడో అడుగు. ఈమెయిల్ రాస్తే చెప్తారు."

కాసేపు ఫోను అటూ ఇటూ తిప్పింది. "ఆ ఆడవాళ్ళ టైము ముక్క నువ్వే రాసి పంపక్కా" అంది, గొంతు తగ్గించి. "నాకు సిగ్గు."