పోటీ పరీక్షల ప్రత్యేకం: పసిపిల్లల పోషణలో బాలామృతం

పల్లెల్లో పసిపిల్లల అనుబంధాహారానికి ఆధారం అంగన్‌వాడీ కేంద్రమే.

• ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) ప్రారంభం: 1975 అక్టోబరు 2.

• బాలామృతం: 7 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు, నెలకు 2.5 కిలోలు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో తయారవుతుంది.

• చట్టం: జాతీయ ఆహార భద్రతా చట్టం–2013 ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల పిల్లలకు రోజుకు 500 కిలోకేలరీలు, 12–15 గ్రాముల ప్రొటీన్ అని మొదట నిర్దేశించారు; ఈ ప్రమాణాలను 2023లో సవరించారు.

• పోషణ్ అభియాన్ (జాతీయ పోషకాహార మిషన్) ప్రారంభం: 2018 మార్చి 8, రాజస్థాన్‌లోని ఝుంఝును.

• ఇంట్లో వాడకం: ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే. ఆ తర్వాత బాలామృతాన్ని కాచిన నీటిలోనో పాలలోనో కలిపి పెట్టాలి. ఇంటిల్లిపాదీ పంచుకుంటే బిడ్డ వాటా తగ్గిపోతుంది.

గుర్తుంచుకోండి: బాలామృతం ఇంటి తిండికి తోడు మాత్రమే, బదులు కాదు.