యశోదమ్మ పాఱవైచిన కఱ్ఱ

శ్రీమద్భాగవతము దశమ స్కంధములో కృష్ణుని రోటికి కట్టిన కథను మన వారందఱును ఎఱుగుదురు. ఆ బాలుడు కుండనేల పగులగొట్టెనో పిల్లలకు చెప్పువారు మాత్రము తక్కువ.

యశోద పెరుగు చిలుకుచుండగా బాలుడు వచ్చి పాలకై పట్టుపట్టెను. ఒడిలోనికి తీసికొని ఆమె పాలిచ్చుచుండగా పొయ్యిమీది పాలు పొంగినవి. కడుపు నిండని బిడ్డను దింపి ఆమె పరుగెత్తెను. బాలుని పెదవి అదరినది. ఱాతితో కుండను పగులగొట్టి, దొంగ కన్నీరు పెట్టుకొని, లోపల చాటుగా వెన్న తినెను. తల్లి కఱ్ఱతో వెంబడించి పట్టుకొనెను. కాటుక కన్నులు నులుముకొనుచు ఏడ్చు బిడ్డ భయమును చూచి ఆమె కఱ్ఱను పాఱవైచెనని వ్యాసుడు స్పష్టముగా చెప్పియున్నాడు. తరువాత రోటికి కట్టిన మాట నిజమే. దానిని మన యిండ్లలో అనుకరింపనక్కఱలేదు.

దెబ్బ మన సంప్రదాయమని కొందఱు పెద్దలందురు. 1860 మొదలు 1911 వఱకు నేటాల్‌కు వచ్చిన కూలీలలో కొరడా దెబ్బలు తినినవారు కలరు. 1872 నాటి కూలీ కమిషను ముందుకు ఆ మొఱలు వచ్చినవి. యశోద పాఱవైచిన దానిని, మన పూర్వులను బాధించిన దానిని, సంప్రదాయమనుట యెట్లు? దక్షిణాఫ్రికా పాఠశాలలలో కొట్టుటను 1996 నాటి చట్టము నిషేధించినది. ఇంటిలో తలిదండ్రులు కొట్టుటకును చట్టపు రక్షణ లేదని 2019లో రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పినది.

కుండ పగులుటకు ముందే పెదవి అదరినది. తమ్ముడు పుట్టిన యింట పెద్దబిడ్డ అన్నపు గిన్నెను విసరును. గిన్నెను గూర్చి విచారణ జరుగును, బెంగను గూర్చి జరుగదు. కోపమును అణచుకొను శక్తి మెదడులో మిక్కిలి ఆలస్యముగా పండును; నాలుగేండ్ల వానిని గదమాయించినంత మాత్రమున అది రాదు.

మన పిల్లలు ఇంగ్లీషులో ‘యాంగ్రీ’ యని ఊరకుందురు. తెలుగులో అలుక వేఱు, ఉక్రోషము వేఱు, బెంగ వేఱు. అలిగిన బిడ్డను బుజ్జగింపవలెను. ఉక్రోషము చేతగానితనపు కోపము గనుక, అది చల్లాఱువఱకు మాటలాడక ప్రక్కన కూర్చుండుట మేలు. బెంగపడిన బిడ్డను అక్కున చేర్చుకొని, “అమ్మ మీద బెంగగా ఉన్నదా, నాన్నా?” యని అడుగవలెను. గిన్నె విసరుట తప్పే. ఏడుపు తగ్గిన పిమ్మట చిందిన మెతుకులను వానిచేతనే, తల్లియు ఒక చేయి వేసి, ఎత్తింపవలెను.

గుడి తరగతిలో ఈ కథ చెప్పునపుడు పాలు పొంగిన చోట ఆగి, “కృష్ణునికి అప్పుడెట్లుండెను?” అని అడుగుడు. ఆ మూడు మాటలలో పిల్లలు దేనిని చెప్పినను, ఎందుకో విని, పిమ్మటనే కుండ దగ్గఱకు పొండు.