రహీం సాహెబు - హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘము

విద్యార్థులారా! సాయంకాలమున బడి మైదానములో మీరు బంతి నాడుకొందురు గదా. ఆటకు బంతియు, స్థలమును, కొందఱు మిత్రులును చాలును. కాని ఒక రాష్ట్రమంతట ఆట వర్ధిల్లవలెనన్న ఇవి చాలవు. పోటీలు జరుపుటకును, నియమములను కాపాడుటకును, మంచి ఆటగాండ్రను వెదకి తీర్చిదిద్దుటకును ఒక సంఘము కావలెను. మిక్కిలి చిన్న దేశములు సైతము ఇట్టి సంఘములను నెలకొల్పుకొన్నవి. మన దేశమున అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 1937లో ఏర్పడి, 1948లో ప్రపంచసంస్థయగు ఫీఫాలో చేరెను.

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనివి. ఆ రాష్ట్రమున ఈ యాటను నడపినది హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘము. ఆ సంఘము కథ చెప్పవలెనన్న సయ్యద్ అబ్దుల్ రహీం కథ చెప్పవలసినదే.

రహీం 1909లో హైదరాబాదున జన్మించెను. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. 1943లో సంఘమునకు కార్యదర్శియై, మరణించువఱకు ఆ బాధ్యతను వహించెను. కార్యదర్శి యనగా లెక్కలు వ్రాసి లేఖలు పంపువాడని పలువురు తలతురు. రహీం అంతటితో తృప్తి చెందలేదు. తరగతిలో బాలుని తప్పును దిద్దినట్లే మైదానములో ఆటగాని లోపమును దిద్దుటయు తన పనియే యని యెంచెను.

బంతి దొరికినంతనే దానిని కాళ్ళయొద్ద నిలుపుకొని, ఒంటరిగా ముందునకు పోవలెనని బాలురకు ఆశ కలుగును. అందుచే రహీం, బంతిని అట్లు నడపుకొని పోరాదను నియమముతో పోటీలు పెట్టించెను. అందిన బంతిని వెంటనే తోడివాని కందింపవలెను. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే తన్నవలెనని వేఱొక పోటీ. మొదట తడబడుట సహజమే. కాని దానివలన బలహీనమైన కాలికి బలమును, ఒంటరి యాటగానికి తోడివారిపై నమ్మకమును కలిగెను.

ఫలితము త్వరలోనే కనబడెను. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. 1956-57, 1957-58 సంవత్సరములలో హైదరాబాదు సంతోష్ ట్రోఫీని సాధించెను.

భారతజట్టునకును ఆయనయే శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టు స్వర్ణపతకము పొందెను. అయితే 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడెను. నాడు మనవారిలో పలువురు వట్టికాళ్ళతో ఆడిరి. ఓటమికి క్రుంగక రహీం మరల జట్టును తీర్చెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశము నాలుగవ స్థానము పొందెను. ఆ జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్ మున్నగు హైదరాబాదు వారుండిరి.

1962లో జకార్తాకు జట్టును గొనిపోవునాటికే రహీం క్యాన్సరు వ్యాధిపీడితుడు. అచ్చట తుదిపోటీలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మనవారు మరల స్వర్ణపతకమును గెలిచిరి. తరువాతి సంవత్సరము జూన్ 11వ తేదీన ఆయన కన్నుమూసెను.

1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. అది రహీం నాటిన చెట్టు ఫలమే. కాని ఆ పిమ్మట మన ఫుట్‌బాల్ వైభవము క్రమముగా తగ్గిపోయెను. సంఘమున్నది, పదవులున్నవి, ప్రతిదినము మైదానమునకు వచ్చి బాలుని యెడమకాలిని దిద్దు గురువు లేడయ్యెను.

బాలలారా! సంఘమునకు పేరును ముద్రయు మాత్రమే ప్రాణము కాజాలవు. దానికై శ్రమించు మనుష్యులే దానికి ప్రాణము. అట్టి శ్రమ ఒక్కనిదే యైనచో, ఆతనితోనే అంతరించును. పలువురు పంచుకొన్నచో తరతరములు నిలుచును. మీ బడిజట్టునకు బంతిని భద్రపఱచువాడును, మైదానమునందలి రాళ్ళను ఏరువాడును, క్రొత్తవానికి ఆట నేర్పువాడును గోలు కొట్టినవానితో సమానముగా గౌరవింపదగినవారు.