పేరు వరస తేలాకే ప్రేమ

ఉద్యోగమంతా హైదరాబాద్ ల్యాబుల్లో చేసి రిటైరైనదాన్ని. మనవరాలు ఇచ్చిందని అలీ హేజల్‌వుడ్ రాసిన ‘లవ్ ఆన్ ద బ్రెయిన్’ (2022) చదివాను. అలీ హేజల్‌వుడ్ అన్నది రచయిత్రి కలంపేరు. ఇటలీలో పుట్టి, అమెరికాలో న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేసి, ప్రొఫెసర్‌గా పనిచేసినావిడ. అందుకేనేమో, ముద్దుల మాట ఎలా ఉన్నా ల్యాబు రాజకీయం మాత్రం చక్కగా కుదిరింది. బీ అనే న్యూరోసైంటిస్టు, లీవై అనే ఇంజినీరు కలిసి హ్యూస్టన్‌లో నాసా ప్రాజెక్టు నడపాలి. వ్యోమగాముల మెదడు చురుగ్గా పనిచేసేలా ఒక హెల్మెట్ తయారుచేయాలి. పీహెచ్‌డీ రోజుల నుంచీ అతనికి తనంటే పడదని ఆమె నమ్మకం. చివరికి ఏమవుతుందో అట్ట మీది బొమ్మే చెప్పేస్తుంది. అది కాదు నాకు ముఖ్యం. చదువుతుంటే తోచిన కొన్ని సంగతులు, ల్యాబులో చేరబోయే పిల్లల కోసం.

1. మనిషిని అనే ముందు ఫైలు ఎక్కడ ఆగిందో చూడండి.

బీ హ్యూస్టన్‌లో దిగేసరికి పరికరాలు రాలేదు. లీవై తొక్కిపెట్టాడనుకుంటుంది. అసలు మెలిక నాసాకూ, ఆమెను పంపిన ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌కూ మధ్య ఉంది. మన దగ్గరా అంతే. ఇండెంట్ పర్చేజ్ సెక్షన్‌కు వెళ్లాక ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలీదు. ఎదురుగదివాళ్ల కెమికల్స్ ముందొస్తే ‘డైరెక్టరుగారికి వాళ్లంటే ముద్దు’ అని ఏడుస్తాం. స్టోర్స్‌లో గుమస్తాను అడిగితే తేలిపోతుంది: వాళ్లు మూడు కొటేషన్లు జతచేశారు, మనం రెండే పెట్టాం.

ఇలాంటి పేచీ ఒకటి చరిత్రకే ఎక్కింది. 1950 డిసెంబరులో లండన్ కింగ్స్ కాలేజీలో విభాగాధిపతి జాన్ రాండల్, రోజలిండ్ ఫ్రాంక్లిన్‌కు ఒక ఉత్తరం రాశాడు. డీఎన్‌ఏ ఎక్స్‌రే పని ఆమే చూసుకోవాలన్నది దాని సారాంశం. అప్పటికే ఆ పనిలో ఉన్న మారిస్ విల్కిన్స్‌కు ఆ ముక్క చెప్పలేదు. 1951 మొదట్లో ఆమె వచ్చింది. తనకు సాయంగా వచ్చిందని ఆయన, పని తన సొంతమని ఆమె. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ చెప్పాల్సినవాడే చెప్పలేదు. 1953 జనవరిలో విల్కిన్స్, ఆమె బృందం తీసిన 51వ నంబరు ఫొటోను ఆమెకు తెలియకుండా జేమ్స్ వాట్సన్‌కు చూపించాడు. ఆ తర్వాత కథ లోకానికి తెలిసిందే. 1958లో 37 ఏళ్లకే ఆమె పోయింది. 1962లో డీఎన్‌ఏ నిర్మాణానికిచ్చిన నోబెల్ ముగ్గురు మగవాళ్లకు వచ్చింది. నవలలో ఇలాంటి అపార్థం ప్రేమగా మారింది. కింగ్స్ కాలేజీలో మాత్రం ఇద్దరి మధ్య మాటే లేకుండా పోయింది.

2. బుకింగ్ రిజిస్టరును చిన్నచూపు చూడకండి.

మా అల్ట్రాసెంట్రిఫ్యూజ్ గది బయట పురికొసతో కట్టిన రిజిస్టరు వేలాడేది. తేదీ, గంటలు, రోటరు నంబరు, స్పీడు, సంతకం. పెన్ను ఎప్పుడూ మాయమయ్యేది, పెన్సిలే మిగిలేది. ఒకరోజు పొద్దున, రాత్రి పదినుంచి ఆరుదాకా ఒకమ్మాయి రాసుకున్న గడిలో రబ్బరు రుద్దిన నల్లటి మరక కనిపించింది. ఆ రాత్రి మిషను నడిపింది పక్క గ్రూపు కుర్రాడు. అంతే, కోల్డ్ రూములో ఎదురుపడ్డా రెండు గ్రూపులకూ పలకరింపుల్లేవు. చాలా రోజులకు టెక్నీషియన్ సెలవు నుంచి తిరిగొచ్చి చెప్పాడు: ఆ అమ్మాయి రాసిన రోటరు లోపల గీత పడిందట, దాని బుకింగులన్నీ తానే చెరిపాడట. కుర్రాడిది వేరే రోటరు. సంగతి తెలిసి ఆ కుర్రాడే వెళ్లి, ‘నా రన్‌లో నాలుగు ట్యూబులకు చోటుంది, మీ శాంపిల్స్ పెడతారా?’ అని అడిగాడు. రోటరులో ఎదురెదురు ట్యూబులు సరిసమానంగా తూగకపోతే మిషనుకే ముప్పు. ఇద్దరూ త్రాసు ముందు కూర్చుని చుక్క చుక్క బఫర్ పోసుకుంటూ తూచక తప్పలేదు. వాళ్ల పెళ్లికి నేనూ వెళ్లాను. పులిహోర బ్రహ్మాండం.

3. ప్రేమ ఎంతుందో పూలగుత్తిలో కాదు, పేపర్ మీది పేర్లలో చూడండి.

నవలలో బీకి ఆరాధ్యదైవం మేరీ క్యూరీ. ఆవిడ పేరు మీద ట్విటర్ ఖాతా కూడా నడుపుతుంది. సరైన ఎంపిక. 1894లో ఉక్కు అయస్కాంత గుణాల మీద పనిచేయడానికి చోటు వెతుక్కుంటూ మేరీ, పియర్‌ను కలిసింది. మరుసటి ఏడాది పెళ్లి. పెళ్లికి కట్టుకున్న ముదురు నీలం దుస్తుల్నే తర్వాత ల్యాబులోనూ వాడుకుంది. ఇది అందరూ ముచ్చటగా చెప్పుకునేదే. నాకు ఇంకా నచ్చేది ఏమిటంటే, 1898 ఏప్రిల్‌లో యురేనియం కిరణాల మీద ఆమె తొలి పేపర్ తన ఒక్కదాని పేరుతో ఉంది. ఇద్దరూ కలిసి చేసిన పొలోనియం పేపర్ జులైలో ఇద్దరి పేర్లతో వచ్చింది. ఎవరి పని ఎంతో అంత. 1903లో ఫ్రెంచి సైన్సు అకాడమీ నుంచి నోబెల్‌కు వెళ్లిన సిఫార్సులో శాస్త్రవేత్త బెక్రెల్, పియర్ పేర్లే ఉన్నాయి. స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ఉప్పందిస్తే, నన్ను లెక్కలోకి తీసుకునేట్టయితే మేడమ్ క్యూరీతో కలిపే తీసుకోండని పియర్ తిరిగి రాశాడు. ప్రేమలేఖ అంటే నా దృష్టిలో అది.

4. సమ ఉజ్జీలైతేనే అది ప్రేమకథ.

బీ, లీవై ఇద్దరూ ప్రాజెక్టుకు సారథులు. ఒకరి స్టైపెండ్ మీద ఇంకొకరి సంతకం ఉండదు. గైడుకూ స్టూడెంటుకూ మధ్య నడిచేదానికి ఈ నవలను సాక్ష్యం తెచ్చుకోకండి. అక్కడ ‘వద్దు’ అనడానికి అవతలివాళ్లకు చోటుండదు. హద్దు మీరితే పనిచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది, పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. కమిటీ సభ్యుల పేర్లు చేరిన రోజే రాసి పెట్టుకోండి. అలాగని ఆడపిల్లల్ని ల్యాబుకు దూరం పెట్టడం మందు కాదు. 1933లో బెంగళూరు ఐఐఎస్‌సీలో సి.వి.రామన్ కమలా సొహోనీని మొదట వద్దన్నాడు, తర్వాత ఏడాది పరీక్షాకాలం పెట్టి చేర్చుకున్నాడు. ఆవిడ కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తెచ్చుకుంది. 2015లో నోబెల్ గ్రహీత టిమ్ హంట్ కూడా సియోల్‌లో ల్యాబు, అమ్మాయిలు, ప్రేమ అంటూ నోరుజారి ప్రపంచం చేత చీవాట్లు తిన్నాడు.

5. జీఆర్‌ఈ స్కోరు చూసి మనిషిని అంచనా కట్టొద్దు.

అడ్మిషన్లలో జీఆర్‌ఈ తీసేయాలని బీ ఉద్యమం నడుపుతుంది. కోచింగుకు పిల్లల్ని అమీర్‌పేట పంపిన ఇళ్లలో ఈ భాగం పైకి చదివి వినిపించాలి.

6. ఇద్దరి ఉద్యోగాల మాట ముందే మాట్లాడుకోండి.

ఇలాంటి నవలలు జంట కలవగానే ఆగిపోతాయి. అసలు చిక్కు అక్కడే మొదలు. భౌతికశాస్త్రవేత్త మరియా గెపర్ట్ మేయర్ భర్త జాన్స్ హాప్కిన్స్‌లో ప్రొఫెసర్. బంధువులకు ఉద్యోగమివ్వకూడదన్న నియమం అడ్డొచ్చి ఆవిడకు అక్కడ కొలువు రాలేదు. ఏళ్ల తరబడి జీతం లేకుండానో, నామమాత్రపు జీతానికో పనిచేసింది. పూర్తి జీతంతో ప్రొఫెసరైంది 1960లో, శాన్ డియేగోలో. మూడేళ్లకు ఫిజిక్స్ నోబెల్. ఈ రోజుల్లో నియమాలు మారాయిగానీ, ఇద్దరికీ ఒకే ఊళ్లో ఉద్యోగం దొరకడం మాత్రం ఇప్పటికీ గగనమే. ఎవరు ఎవరి కోసం ఆగాలన్నది శుభలేఖలు వేయకముందే తేల్చుకోవాలి.

ఇక పుస్తకం మీద నా తీర్పు. చివర్లో పిస్తోలు తెచ్చి సినిమా చేయడం అనవసరం. ఆగిపోయిన ఫైలే సరిపడా విలన్. శృంగారం బాహాటంగా ఉంది, పద్దెనిమిది నిండినవాళ్లే చదవండి. ల్యాబులో చేరకముందు చదివితే మేలు. ఇప్పటికే చేరినవాళ్లయితే సబ్మిషన్లు లేని సెలవుల్లో పట్టుకోండి.