కొట్టివేయబడిన యొక పేరు



ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన సంగతి ఆదికాండము 2వ అధ్యాయములో మీరు చదివియున్నారు. పెట్టిన పేరును తిరిగి కొట్టివేయవలసి వచ్చిన సంగతి యొకటి ఈ నెల నేర్చుకొందము.

హిమాచల ప్రదేశములోని బిలాస్‌పూరు ప్రాంతమున, శివాలిక్ కొండలలో, హరితల్యాంగర్ అను గ్రామము కలదు. 1932లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ లూయిస్ అను యువకునికి అచ్చట రాయిగా మారిన పైదవడ ముక్క యొకటి దొరకెను. 1934లో ఆయన దానికి రామాపిథెకస్ అని పేరు పెట్టెను. పిథెకస్ అనగా గ్రీకు భాషలో కోతి. మరియొక దానికి సుగ్రీవపిథెకస్ అని పెట్టెను! ఈ పేర్లనుబట్టి ఆ జంతువుల పుట్టుకను గూర్చి ఏమియు ఊహింపరాదు.

మన తెలుగుదేశములో ఇట్టివి లేవా అందురేమో. నంద్యాల జిల్లా బేతంచెర్ల యొద్ద సున్నపురాతి గుహలలో 1880ల నాడు బ్రూస్ ఫుట్ దొర త్రవ్వించగా కోతుల యెముకలు దొరకెను. అయితే అవి మిక్కిలి యిటీవలి కాలపువి.

1961 మొదలుకొని యేల్‌లోని ఎల్విన్ సైమన్స్, తరువాత ఆయనతో డేవిడ్ పిల్‌బీమ్, రామాపిథెకస్ మనుష్యుని వంశములోనిదే యని వ్రాసిరి. దవడ మన దవడవలె గుండ్రముగా వంగియున్నదని వారి వాదము. కాని దవడ నడిమి భాగము దొరకనే లేదు. కుండమూతి పెంకు ముక్క చిన్నదైనచో కుండ యెంతదో కుమ్మరియైనను తప్పు చెప్పవచ్చును గదా! అయినను ఈ మాట పాఠ్యపుస్తకములలోనికి ఎక్కెను. మన పిల్లలు పరీక్షలకై దానినే కంఠస్థము చేసిరి.

1967లో సారిచ్, విల్సన్ అను వారు రక్తములోని మాంసకృత్తులను పోల్చి, మనుష్యుల శాఖయు ఆఫ్రికా వాలిడుల శాఖయు వేరైనది సుమారు 50 లక్షల యేండ్ల క్రిందటనే యని లెక్క కట్టిరి. రామాపిథెకస్ అంతకంటె చాల పాతది. ఎముకలు చూచువారు అనేకులు ఈ లెక్కను ఒప్పుకొనలేదు. పిమ్మట 1970లలో ఇంకను పూర్తియైన దవడలు దొరకెను. అవి గుండ్రముగా లేవు. 1980లో పాకిస్థానులోని పొత్వార్ పీఠభూమిలో శివపిథెకస్ ముఖపు ఎముక దొరకెను. దాని కన్నుల గుంటలు దగ్గరగా, నిలువుగా ఉండి, బోర్నియో, సుమత్రా దీవుల ఒరాంగుటాన్‌ను పోలియుండెను.

మరి రామాపిథెకస్ ఏది? కోడిపుంజు ఎముకలను, పెట్ట ఎముకలను ఎన్నడును కోళ్లను చూడనివాని చేతికిచ్చినచో రెండు జాతులనును. ఇచ్చటను అదే జరిగెను. పెద్ద దవడలు శివపిథెకస్ అనియు, చిన్నవి రామాపిథెకస్ అనియు వేరు చేసిరి. చిన్నవి చాలమట్టుకు ఆడవి. రెండును ఒకటే యైనప్పుడు ముందు పెట్టిన పేరే నిలువవలెనని శాస్త్రజ్ఞుల నియమము. శివపిథెకస్ అను పేరు 1910లో పిల్‌గ్రిమ్ పెట్టినది, అదే నిలిచెను.

ఆ ముఖపు ఎముకను 1982లో వర్ణించి ప్రకటించినవాడు పిల్‌బీమే. తాను వ్రాసినదానిని తానే దిద్దుకొనెను. ఇదియు ముగియలేదు: 1990లో వర్ణించిన శివపిథెకస్ భుజపు ఎముకలు ఒరాంగుటాన్ ఎముకలవలె లేవు. కాబట్టి ముఖమును నమ్మవలెనా, చేతిని నమ్మవలెనా యని వారిలో వాదము కలిగెను.