వేడి లెడ్డుకు కాదు, తీగకు పట్టాలి

అచ్చంపేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక దుకాణం. బల్ల మీద ఐదంగుళాల రెక్కల డ్రోన్ ఉంది. సరదాగా ఎగరేసుకోవడానికి ఓ కుర్రాడు సొంతంగా బిగించుకున్నది. వేరుశనగ చేలో పడిన దగ్గర్నుంచి ఒక మోటరు ఆగి ఆగి తిరుగుతోంది. మోటరు కాలిపోలేదు. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది అతుకులనే. నాలుగు మోటర్లనూ నడిపించే ఈఎస్‌సీ బోర్డు కొత్తది కొనాలంటే నాలుగైదు వేలు. అతుకు సరిచేయడానికి పట్టే సరుకు ఇరవై రూపాయలు దాటదు.

మొదటి పని బ్యాటరీ పీకడం, రెక్కలు విప్పడం. నాలుగు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ నిండుగా ఉంటే 16.8 వోల్టులు ఇస్తుంది. దాన్ని తీసేశాక కూడా బోర్డు మూలన ఉన్న 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌లో చార్జి కాసేపు నిలిచి ఉంటుంది. మెకానిక్ మీటరు పెట్టి అది దిగిందని తెలిశాకే బోర్డు ముట్టుకుంటాడు.

తర్వాత కడగడం. పాత టూత్‌బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పాత సోల్డరింగ్ పేస్టు మరకలూ చేను దుమ్మూ పోయేదాకా రుద్దుతాడు. రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. మురికి కింద పగులు దాక్కుంటుంది కాబట్టి కడగకుండా చూసి లాభం లేదు.

ఇప్పుడు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. మంచి అతుకులో లెడ్డు (సోల్డర్) గుట్ట పాదంలా వాలుగా దిగి, బోర్డు మీది రాగి ప్యాడ్ అంచు దాకా పరుచుకుంటుంది. లోపలి తీగ పోగుల ఆకారం పైకి లీలగా కనిపిస్తుంది. లెడ్డు ఉబ్బి గుండ్రంగా కూర్చుంటే ప్యాడ్‌కు అంటలేదని అర్థం. పైన గరుకుగా, పొడిబారినట్టు ఉంటే దాన్ని డ్రై సోల్డర్ అంటారు. తీగ చుట్టూ వెంట్రుకంత గీత కనిపిస్తే అది పగులు. పక్క పక్క ప్యాడ్లను లెడ్డు కలిపేస్తే షార్ట్. అయితే సీసం లేని లెడ్డు మంచి అతుకులోనూ కాస్త మసకగానే కనిపిస్తుంది. అందుకే మెకానిక్ మెరుపు కంటే వాలుకే ఎక్కువ విలువిస్తాడు.

చూపు తర్వాత చేయి. వెదురు పుల్లతో ఒక్కో తీగను మెల్లగా పక్కకు నెడతాడు. మూడో మోటరు మధ్య తీగ దగ్గర లెడ్డు ముద్ద తీగతో పాటే కదులుతుంది. దొంగ దొరికాడు.

మిగతా వాటి కోసం మీటరును బీప్ మీద పెడతాడు. ఒకే మోటరు మూడు తీగల మధ్య ఎక్కడ పెట్టినా బీప్ వస్తుంది. లోపల రాగి చుట్ట కలిసే ఉంటుంది కనుక అది షార్ట్ కాదు. ఆ తీగల్లో దేనికైనా, బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య బీప్ వస్తే అనుమానించాలి. బ్యాటరీ ప్లస్, మైనస్‌ల మధ్య కెపాసిటర్ నిండేదాకా ఒక్క క్షణం మోగి ఆగిపోవాలి. ఆగకపోతే షార్టే.

బీప్ వచ్చిందని అతుకు మంచిదని కాదు. మీటరు పంపే కరెంటు మిల్లీఆంపియర్లలో ఉంటుంది. పూర్తి వేగంలో ఒక మోటరు తీగలో 25 ఆంపియర్లు పారుతుందనుకుందాం. అతుకులో ఓమ్‌లో నూరో వంతు నిరోధం ఉన్నా అక్కడ 6.25 వాట్ల వేడి పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వేడిలో ఇది నాలుగో వంతు. నేల మీద బాగానే మోగిన అతుకు గాల్లో తనను తానే కరిగించుకుంటుంది. చవక మీటరుకు ఆ నిరోధం కనిపించదు. దాని తీగల నిరోధమే అంతకు ఎన్నో రెట్లు.

ఇక ఐరన్. మూడు వందలకు దొరికే 25 వాట్ల ఐరన్‌తో సన్నని ప్యాడ్ల పని అవుతుంది. బ్యాటరీ తీగలకు మాత్రం వేడి కుదుర్చుకునే సోల్డరింగ్ స్టేషన్ కావాలి. మోటరు ప్యాడ్లకు 350 డిగ్రీలు, బ్యాటరీ నెగెటివ్ ప్యాడ్‌కు 400 డిగ్రీలు పెడతాడు. నెగెటివ్ ప్యాడ్ కింద బోర్డు పొరల నిండా రాగి పరిచి ఉంటుంది. పెట్టిన వేడినంతా అదే లాగేసుకుంటుంది. అందుకే సన్నమొన బిట్ తీసి వెడల్పు బిట్ బిగిస్తాడు. ఇత్తడి పీచులో బిట్ తుడిచి, కొత్త లెడ్డు పూత పట్టిస్తాడు.

పాత లెడ్డు తీయడానికి ముందు రోజిన్ పేస్టు రాస్తాడు. ఇది రాగి మీది తుప్పును తినేసి లెడ్డుకు దారి ఇస్తుంది. నీళ్ల పైపులకు వాడే ఆసిడ్ పేస్టు బోర్డును నెమ్మదిగా తినేస్తుంది కనుక దాని జోలికి పోడు. రాగి అల్లిక తీగ ఆనించి పైన బిట్ పెడితే లెడ్డంతా అల్లికలోకి ఎక్కుతుంది. అల్లికను రుద్దకుండా నేరుగా పైకెత్తుతాడు. రుద్దితే ప్యాడే ఊడి వస్తుంది, అప్పుడు బోర్డు పని అయిపోయినట్టే.

తీగ కొస మూడు మిల్లీమీటర్లు ఒలిచి, పోగులు మెలేసి, తీగకూ ప్యాడ్‌కూ విడివిడిగా లెడ్డు పట్టిస్తాడు. తర్వాత రెండూ కలిపి బిట్‌తో వేడిచేస్తాడు. లెడ్డును బిట్‌కు ఆనించడు. వేడెక్కిన తీగకు తాకిస్తాడు. తీగ దాన్ని కరిగించుకుంటే అతుకు లోపలి దాకా పడ్డట్టు. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. బిట్ తీశాక ఐదు సెకన్లు చేయి కదలదు. తగరం 60, సీసం 40 పాళ్ల లెడ్డు 190 డిగ్రీల దగ్గర చిక్కబడి 183 దగ్గర గట్టిపడుతుంది. ఆ మధ్యలో కదిలితే మళ్లీ డ్రై సోల్డరే. డ్రోన్ తెచ్చిన కుర్రాడు చేయి చాస్తే "జర ఆగు తమ్మీ, గట్టిపడ్డంక ముట్టుకో" అంటాడు.

ఎక్స్‌టీ60 ప్లగ్గు కూడా పాతబడింది. దాని పసుపు నైలాన్ తొడుగు వేడికి మెత్తబడితే లోపలి పిన్నులు వంకరపోతాయి. అందుకని జతప్లగ్గు దానిలో గుచ్చి ఉంచి సోల్డర్ చేస్తాడు. పిన్నులు తిన్నగా నిలుస్తాయి, ఎక్కువ వేడిని జతప్లగ్గు పంచుకుంటుంది.

మళ్లీ కడిగి, భూతద్దంతో చూసి, మీటరు పెట్టాక బల్బు పరీక్ష. టీవీలు బాగుచేసేవాళ్లకు సీరీస్ బోర్డు తెలుసు. ఇక్కడా అదే సూత్రం. బండి ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బును బ్యాటరీకీ డ్రోన్‌కూ మధ్య కలుపుతాడు. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే కెపాసిటర్ నిండిందన్నమాట. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే పీకేస్తాడు. కాలాల్సిన బోర్డు బల్బు వెలుగుతో బతికిపోతుంది.

చివరికి తీగలను జిప్ టైతో చట్రానికి కట్టేస్తాడు, రెక్కల అదురు అతుకు దాకా పోకుండా. ఇక ఎగరేయాలంటే ఈ డ్రోన్‌కు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. దగ్గర్లోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ఎగరేయరాదు. ఊరి బయట ఖాళీ జాగాలో రెండు నిమిషాలు నిలిపి ఎగరేసి దించుతాడు. బ్యాటరీ పీకి, పన్నెండు మోటరు అతుకులనూ వేలి వెనుక భాగంతో తాకి చూస్తాడు. అన్నీ ఒకే తీరుగా వెచ్చగా ఉంటే డ్రోన్ కుర్రాడి చేతికిస్తాడు. ఒక్కటి చురుక్కుమన్నా మళ్లీ బల్ల మీదికే.